మూడో బొబ్బట్టు కోసం రాజమండ్రి దాకా

రాజమండ్రి వెళ్ళినవాళ్ళు గోదావరిలో మునిగి వస్తారు, లేదా బట్టలు కొనుక్కుని వస్తారు. నేను వెళ్ళి ఇడ్లీలా కనిపించే ఐస్‌క్రీమ్ తిని వచ్చాను. ఈ మాట చెబితే మా తునిలో నవ్వనివాళ్ళు లేరు. రైలెక్కి రెండు గంటలు వెళ్ళి తినాల్సినంత ఇడ్లీ ఏంటండీ అని మా ఎదురింటాయన మూడు రోజులుగా అడుగుతున్నారు. ఆయనకి చెప్పడం నా వల్ల కాలేదు కాబట్టి రాస్తున్నాను. అసలు ఈ ప్రయాణం తిండి కోసం పెట్టుకున్నది కాదు. నమ్మేవాళ్ళు నమ్మండి.

నాకు పిఠాపురంలో ఇద్దరు స్నేహితులున్నారు. ఒకరు డేనియల్ గారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో ఆయన పాట అందుకుంటే వెనక బెంచీ కిటికీలు అదురుతాయి. రెండోవారు సూరిబాబు గారు, ఊరిని ఆనుకుని ఏడెకరాల వరి, కాస్త కొబ్బరి. నేను డేనియల్ గారి స్కూల్లోనే గుమాస్తాగా ఉండేవాణ్ణి, ఇప్పుడు తునిలో ఒక కాలేజీ ఆఫీసులో ఉన్నాను. ఇరవై రెండేళ్ళ స్నేహం. ఇప్పటికీ ఒకరినొకరం గారూ అనే పిలుచుకుంటాం. తిట్టుకున్నా అండీ తగిలించే తిట్టుకుంటాం.

అలాంటిది మొన్న ఉగాది నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు సూరిబాబు గారింట్లో భోజనాలు. విస్తళ్ళలో తలా రెండు బొబ్బట్లు పడ్డాయి, నెయ్యి పడింది, అవి కడుపులోకీ వెళ్ళాయి. అప్పుడు సూరిబాబు గారు గిన్నె పట్టుకుని వచ్చి, "హెడ్మాస్టారూ, ఇంకోటి వెయ్యమంటారా?" అన్నారు. డేనియల్ గారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "అబ్బే, వద్దండి" అన్నారు.

మా గోదావరి జిల్లాల్లో ఆ వద్దండికి అర్థం తెలియనివాళ్ళు ఉండరు. మొదటి వద్దండి మర్యాద. రెండోది మొహమాటం. మూడోసారికి చెయ్యి కాస్త పక్కకి జరుగుతుంది, ఆ సందులోంచి బొబ్బట్టు పడుతుంది. ఇది తరతరాలుగా నడుస్తున్న పద్ధతి. సూరిబాబు గారు మాత్రం మొదటి వద్దండికే "సరేనండి" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయారు. పక్కనే కూర్చున్న నన్ను అడగను కూడా లేదు. డేనియల్ గారి చెయ్యి చాలాసేపు విస్తరి మీదే ఉండిపోయింది.

అంతే. ఆ తర్వాత నాలుగు నెలలు వాళ్ళిద్దరి మధ్య తపాలా నేనే మోశాను. "కొబ్బరికాయలు కావాలేమో అడగండి ఆయన్ని" అని ఒకరు ఫోను చేస్తే, "అక్కర్లేదని చెప్పండి ఆయనకి" అని ఇంకొకరు. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల నాకు నిజంగా బెంగగా ఉండేది. ఈ వయసులో కొత్త స్నేహితులు దొరకరు. దొరికినా వాళ్ళకి మన పాత కబుర్లన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

అలాంటి రోజుల్లో మా మేనకోడలు ఫోనులో ఒక వీడియో చూపించింది. రాజమండ్రిలో కొత్త హోటలు. పేరు 'ఉప్పు లేని వంటిల్లు'. కింద కేకుల కొట్టు, పైన కూర్చుని తినే చోటు. చూడ్డానికి అన్నీ మన టిఫిన్లూ భోజనాలే, నోట్లో పెట్టుకుంటే అన్నీ తీపే. మా స్నేహితులిద్దరికీ తీపంటే ప్రాణం. ముగ్గురికీ బల్ల రాయించేశాను. సూరిబాబు గారు రావట్లేదని డేనియల్ గారికీ, డేనియల్ గారు రావట్లేదని సూరిబాబు గారికీ చెప్పాను. వెయ్యి అబద్ధాలాడి పెళ్ళి చెయ్యమన్నారు, నేను ఆడినవి రెండే.

పిఠాపురం స్టేషను

నేను తునిలో ఎక్కి, మూడు సీట్లలో రెండింటి మీద తువ్వాలు పరిచి కూర్చున్నాను. పిఠాపురంలో బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం ఈ చివర డేనియల్ గారు తెల్ల చొక్కాలో, ఆ చివర సూరిబాబు గారు గొడుగుతో. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు నటిస్తున్నారు. ఈ తలుపులోంచి ఒకరు, ఆ తలుపులోంచి ఒకరు ఎక్కి సరిగ్గా నా ముందుకొచ్చి ఆగారు.

"ఆయన రారన్నారు కదండీ?" అని ఇద్దరూ ఒకేసారి నన్నే అడిగారు.

"రారనే అనుకున్నానండి" అన్నాను. ఈలోగా బండి కదిలింది. దిగే వీలు లేదు.

సామర్లకోట దాకా ఒకరు కిటికీ చూశారు, ఒకరు ఫ్యాను చూశారు. సామర్లకోటలో జామకాయలమ్మే ఆవిడ ఎక్కింది. మా ముగ్గురినీ కాసేపు పరికించి, "ఏంటండీ, ఎవరైనా పోయారా?" అంది. లేదమ్మా, కేకు తినడానికి వెళ్తున్నాం అన్నాను. ఆవిడ మా ముఖాలు ఇంకోసారి చూసి, అడక్కుండానే మూడు కాయలకి ఉప్పూ కారం ఎక్కువ వేసి ఇచ్చింది. ఇద్దరు స్నేహితులూ కాయలు తిన్నారు గానీ ఉప్పు పొట్లం మాత్రం నా ద్వారానే అటూ ఇటూ తిరిగింది.

కోరుకొండ మెట్లు

బల్ల ఒంటిగంటకి. మేము పొద్దున్నే దిగిపోయాం. ఆకలి పుట్టాలంటే కొండెక్కాలని సూరిబాబు గారి సిద్ధాంతం. దారిలో ఒక కొట్టు దగ్గర రోజ్ మిల్క్ తాగి ఆటోలో కోరుకొండ వెళ్ళాం. అక్కడి గుడి మెట్లు నిలువుగా ఉంటాయి, ఎక్కుతుంటే పై మెట్టు ముక్కుకి తగులుతుందేమో అనిపిస్తుంది. సూరిబాబు గారు స్వామిని తలుచుకుంటూ, డేనియల్ గారు డాక్టరు చెప్పిన వ్యాయామాన్ని తలుచుకుంటూ, నేను మా మేనకోడల్ని తిట్టుకుంటూ ఎక్కాం.

సగంలో డేనియల్ గారు ఆయాసపడి కూలబడ్డారు. నాలుగు మెట్లు పైనున్న సూరిబాబు గారు వెనక్కి చూసి నాతో, "ఆయన్ని మంచినీళ్ళు తాగమని చెప్పండి" అంటూ సీసా అందించారు. నేను అందించాను. డేనియల్ గారు తాగి, "ఆయనకి థాంక్స్ చెప్పండి" అన్నారు. మా పక్కన ఎక్కుతున్న ఒక పెద్దావిడ ఆగి, "ఆయనకి తెలుగు రాదాండీ?" అని నన్ను జాలిగా అడిగింది.

సూరిబాబు గారు పైదాకా వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చారు. ప్రసాదం పులిహోరని మూడు భాగాలు చేసి, పెద్ద భాగం నా చేతిలో పెట్టి, ఇది ఎవరికివ్వాలో చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి ఇచ్చాను. ఆ నిమిషంలో నాకు కొంచెం ఆశ పుట్టింది.

కింద, కేకుల కొట్టు

మా తుని బేకరీల్లో కేకంటే రెండు రంగులు, పైన ఒక గులాబీ పువ్వు. ఎగ్గా, ఎగ్‌లెస్సా అని అడుగుతారు, పేరు రాసి ఇస్తారు. ఇక్కడ కొట్లో అడుగు పెడితే కేకులు ఎక్కడున్నాయో తెలియలేదు. బల్ల మీద ప్రెషర్ కుక్కరు, గోడవారన గ్యాస్ సిలిండరు, ఇంకో పక్క మట్టి దాకలో పులస చేప. వరదల రోజులు కదా, పులస నిజమేననుకుని సూరిబాబు గారు దాకలోకి వంగి వాసన చూశారు. వెనీలా వాసన వచ్చిందట. అది కేకనీ, పద్దెనిమిది వందలనీ కౌంటరు దగ్గరి అమ్మాయి చెప్పింది.

"పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, పుస్తెలమ్మి కేకు తినమనలేదు కదండీ" అన్నారు సూరిబాబు గారు.

అసలు ముప్పు ఆ పక్కనే ఉంది. అక్కడొక ధాన్యం బస్తా నిలబెట్టి ఉంది. గోనె పోగులు, కుట్టిన మూతి, ఒక మూల చిన్న చిరుగు, అందులోంచి నాలుగు గింజలు. రైతుకి బస్తా కనిపిస్తే చెయ్యి ఆగదు. మిల్లులో అయినా పెళ్ళిలో అయినా చిరుగులో వేలు పెట్టి గింజ తీసి పంటి కింద కొరికి తేమ చూడాల్సిందే. సూరిబాబు గారు నేను వద్దనేలోగా వేలు పెట్టారు. చెయ్యి మణికట్టు దాకా వెళ్ళిపోయింది. బయటికొచ్చిన చేతికి గోధుమరంగు క్రీమ్.

ఎవరో మిల్లు యజమాని పుట్టినరోజుకి చేసిన కేకట అది.

"క్షమించాలండి, తేమ చూద్దామని" అన్నారు సూరిబాబు గారు, చెయ్యి గాల్లో పెట్టుకుని.

లోపల్నించి ముప్పై ఐదేళ్ళావిడ ఏప్రన్ తుడుచుకుంటూ వచ్చింది. ఈ వంటిల్లు ఆవిడదే, పేరు వాణి గారు, రావులపాలెం వైపు మనిషి. బస్తా చూసి, సూరిబాబు గారి చెయ్యి చూసి, "మీరు రైతాండీ?" అంది. ఆయన తలూపారు. "పొద్దుణ్ణించి మీరు మూడోవారండి. అతుకు వెయ్యడానికి క్రీమ్ విడిగా కలిపి పెట్టుకున్నాను. తేమ సరిపోయిందా?"

వెనక నుంచి పెద్ద నవ్వు. చర్చి కిటికీలు అదిరే నవ్వు. సూరిబాబు గారు గబుక్కున తిరిగేసరికి డేనియల్ గారు ఆ నవ్వుని దగ్గుగా మార్చేసి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు.

పైన, ఒక్కసారే అడుగుతారు

మేడ మీద పది బల్లలు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'ఇక్కడ ఒక్కసారే అడుగుతాం. కావాలంటే కావాలనండి.'

ఇదేంటండీ అని అడిగితే వాణి గారు చెప్పింది. "మొదట్లో మన పద్ధతిలోనే మూడేసి సార్లు అడిగి వేసేవాళ్ళమండి. మొహమాటానికి వేసేవాళ్ళం, మొహమాటానికి తినేవాళ్ళు, మిగిలింది మొహమాటం లేకుండా పారబోసేవాళ్ళం. ఇప్పుడు రూలు పెట్టాను. వద్దంటే వద్దనే అర్థమండి."

చాలా మంచి రూలు అన్నాను. ముగ్గురం ఆ బోర్డు రెండుసార్లు చదివాం. మనిషికి ఆరు వందల యాభై, అయిదు వంటకాలు. ఒక్కోటి వడ్డించాక మిగిలినది పట్టుకుని ఆవిడే తిరుగుతూ ఒక్కసారి అడుగుతుంది.

మొదట ఇడ్లీ వచ్చింది. ఇడ్లీ అంటే కొబ్బరి ఐస్‌క్రీమ్, చట్నీ అంటే జామపండు గుజ్జు, కారప్పొడి అంటే బెల్లప్పొడి. మా అమ్మ బతికుంటే ఇది చూసి తల పట్టుకుని ఇంకోటి వేయించుకునేది. వాణి గారు పళ్ళెంతో వచ్చి, "ఇంకో ఇడ్లీ వెయ్యమంటారా అండి?" అంది. నా నోరు నన్ను అడక్కుండానే, "అబ్బే, వద్దండి" అంది.

"సరేనండి" అని ఆవిడ వెళ్ళిపోయింది. నేను ఆ పళ్ళెం వెనకే చూస్తూ ఉండిపోయాను. ఎదురుగా బోర్డు ఉంది. చదువొచ్చి ఏం లాభం?

రెండోది దస్తావేజు. పూతరేకు కాగితం మీద చాక్లెట్ అక్షరాలు, మూల మీద ఎర్ర చెర్రీతో ముద్ర. నేను కొరకబోతుంటే సూరిబాబు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "చదవకుండా నోట్లో పెట్టుకుంటారేంటండీ? హద్దులు చూడొద్దూ?" కళ్ళజోడు తీసి పెట్టుకుని పైకే చదివారు. "తూర్పున జీడిపప్పు. పడమర నెయ్యి. ఉత్తరాన బెల్లం. దక్షిణం..." ఆగిపోయారు. "దక్షిణం హద్దు రాయలేదండి ఇందులో. రేపు లిటిగేషన్ వస్తుంది." వాణి గారు పరిగెత్తుకొచ్చి చూసి, కోవా అని రాయడం మర్చిపోయామని ఒప్పుకుని, తీసుకెళ్ళి రాయించి తెచ్చింది. అప్పుడు తిన్నారు.

మూడోది మిరపకాయ బజ్జీ, లోపల అరటిపండు, కోవా. అడిగినప్పుడు సూరిబాబు గారు వద్దండి అని, వెంటనే నాలుక కరుచుకున్నారు. నాలుగోది ఆవకాయన్నం. అన్నం అంటే గట్టి పాయసం, ఆవకాయ అంటే మామిడి మురబ్బా, నెయ్యి మాత్రం నెయ్యే. అది డేనియల్ గారు పోగొట్టుకున్నారు. మేమే అనుకుంటే పక్క బల్ల దగ్గర అత్తమామలతో వచ్చిన కొత్త అల్లుడు నాలుగుకి నాలుగూ పోగొట్టుకున్నాడు. పాపం అతని పరిస్థితి ఇంకా కష్టం, అత్తగారి ముందు కావాలని ఎలా అంటాడు?

అయిదోది

మూత తీశారు. బొబ్బట్టు.

బొబ్బట్టు ఆకారంలో ఉన్న కేకది. విస్తరాకంత పల్చటి పొరలు ఏడెనిమిది, మధ్య మధ్యలో నురగలాంటి శనగపప్పు పూర్ణం, పైన గడ్డకట్టిన నెయ్యి బిళ్ళ. వడ్డించగానే మా బల్ల మీద గాలి మారిపోయింది. సూరిబాబు గారు తల వంచుకున్నారు. డేనియల్ గారు కళ్ళు మూసుకుని తిన్నారు. అయిపోయాక కూడా కళ్ళు తెరవలేదు. నాకు భయం వేసింది. ఇంత దూరం తీసుకొచ్చి పాత గాయం మీదే కారం చల్లానా అనిపించింది.

వాణి గారు వచ్చింది. పళ్ళెంలో ఒక్కటే ఉంది.

"ఇదొక్కటే మిగిలిందండి. మాస్టారూ, వెయ్యమంటారా?"

డేనియల్ గారి చెయ్యి దానంతటదే తన పళ్ళెం మీదికి అడ్డంగా వచ్చింది. "అబ్బే, వద్దండి."

"సరేనండి" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

కుర్చీ కిర్రుమంది. సూరిబాబు గారు లేచి నిలబడ్డారు. "ఏవండీ! ఆగండి! ఆయన వద్దన్నారంటే కావాలనండి! ఆ చెయ్యి చూడండి, వేళ్ళ మధ్య సందుంది!"

పది బల్లలూ మావైపు తిరిగాయి. డేనియల్ గారు నెమ్మదిగా తలెత్తారు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నన్ను మధ్యలో పెట్టుకోకుండా ఆయన్నే అడిగారు. "ఆ సందు ఉగాది నాడు కనపళ్ళేదాండీ?"

సూరిబాబు గారు కూర్చున్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "కనపడిందండి."

"మరి?"

"గిన్నెలో లేదండి."

"ఏం లేదు?"

"బొబ్బట్టండి. మీకు రెండోది వేసేసరికే అయిపోయాయి. ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చానండి. మీ విస్తరి ఖాళీగా కనపడుతుంటే అడక్కుండా ఎలా పోతాను? వద్దంటారన్న ధైర్యంతో ఒకసారి అడిగాను. రెండోసారి అడిగితే ఎక్కడ ఊఁ అంటారో అని పారిపోయాను."

"ఖాళీ గిన్నె పట్టుకుని అడిగారా?"

"మూత పెట్టానండి."

"అయిపోయాయని ఆ రోజే చెప్పొచ్చు కదండీ!"

"పిలిచి భోజనం పెడుతూ అయిపోయాయని ఎలా చెప్తానండీ? ప్రాణం పోదూ?"

డేనియల్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఈసారి దగ్గుగా మార్చలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "ఇన్నాళ్ళూ మా ఆవిడకి కూడా చెప్పలేదండి, బొబ్బట్టు గురించని. అభిప్రాయ భేదాలొచ్చాయని చెప్పాను" అన్నారు. వేస్తే తీసుకోవాలని ఒకరు, లేనిది పెట్టాలని ఒకరు. నాలుగు నెలలు మధ్యలో నలిగినవాణ్ణి నేను. ఇద్దరినీ కొట్టాలనిపించింది, ఇద్దరినీ కావలించుకోవాలనీ అనిపించింది. చాలా సంతోషం వేసింది.

ఇంతలో పక్క బల్ల నుంచి "కావాలండి!" అని గట్టిగా వినపడింది. కొత్త అల్లుడు. అత్తగారు చూస్తుండగానే లేచి నిలబడి అడిగాడు. ఆఖరి బొబ్బట్టు అతని పళ్ళెంలో పడింది. సూరిబాబు గారు ఎంత బతిమాలినా వాణి గారు రూలు రూలేనంది.

సూరిబాబు గారు తన పళ్ళెంలో సగం తిని ఉంచిన బొబ్బట్టుని చెంచాతో ఎత్తి, అడక్కుండా, డేనియల్ గారి పళ్ళెంలో వేసేశారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టే సమయం ఇవ్వలేదు.

తిరుగు బండి

సాయంత్రం బండి దాకా రేవులో కూర్చున్నాం. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. వాళ్ళిద్దరూ నాలుగు నెలల కబుర్లు ఒకేసారి చెప్పుకుంటుంటే నాకు సందు దొరకలేదు. బండిలో వాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఉప్పు పొట్లం అందించే పని కూడా లేక నేను కిటికీ చూశాను.

పిఠాపురంలో ఇద్దరూ దిగారు. నా కిటికీ దగ్గర నిలబడి సూరిబాబు గారు, "హెడ్మాస్టారూ, ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి రండి" అన్నారు.

"అబ్బే, ఎందుకండీ శ్రమ..." డేనియల్ గారు సగంలో ఆగారు. గొంతు సవరించుకున్నారు. "ఎన్ని గంటలకండి?"

సూరిబాబు గారి ముఖం వెలిగిపోయింది. ఆ ఊపులో నావైపు తిరిగారు. "మీరూ రండి మరి!"

ఇంత చేసింది నేనే కదా, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకెందుకులెండి, మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి" అన్నాను.

"సరేనండి" అన్నారు సూరిబాబు గారు. బండి కదిలింది.

ఆదివారం మా ఇంట్లో ఉప్మా.